ఇరావతి కర్వే మీద వ్యాసం రాస్తూ ‘రేస్’ దగ్గర ఇరుక్కుపోయాను

అనువాద తిప్పలు | శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఒక మాసపత్రికకి ఇరావతి కర్వే మీద వ్యాసం రాసిస్తానని నోరు జారాను. మహాభారత పాత్రల మీద ‘యుగాంత’ రాసినావిడ అంటే మనలో చాలామందికి తెలుసు, 1968లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది. కానీ ఆవిడ అసలు ఉద్యోగం వేరు. 1939 నుంచి పుణె దక్కన్ కాలేజీలో ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం), సోషియాలజీ చెప్పిన ప్రొఫెసర్. నేను రాస్తున్నది ఆ సంగతి.

తెలియనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. 1905లో బర్మాలో మ్యింజాన్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రికి అక్కడ పత్తి కంపెనీలో ఉద్యోగం. ఆ ఊరి నది పేరే పిల్లకి పెట్టారు. చదువంతా పుణెలో. బొంబాయిలో జి.ఎస్. ఘుర్యే దగ్గర ఎం.ఏ. చేసింది, సిద్ధాంత వ్యాసం తన సొంత కులం చిత్పావన బ్రాహ్మణుల మీదే. 1920ల చివర్లో పీహెచ్‌డీ కోసం బెర్లిన్ బయల్దేరింది. మామగారు ధోండో కేశవ్ కర్వే, వితంతువుల కోసం, ఆడపిల్లల చదువు కోసం జీవితం ధారపోసిన మహర్షి. అంతటి ఆయనకీ కోడలు జర్మనీ వెళ్ళడం మాత్రం ఇష్టం లేదు. మొగుడు దినకర్ సరే అన్నాడు, ఆవిడ ఓడెక్కేసింది.

అక్కడ గైడు యూజెన్ ఫిషర్. తెల్లవాళ్ళ పుర్రె కుడి ఎడమలు సమానంగా ఉండవనీ, ఆ హెచ్చుతగ్గే వాళ్ళ తెలివికి గుర్తనీ ఆయన నమ్మకం. 149 పుర్రెలు ఈవిడ చేతిలో పెట్టి దాన్ని రుజువు చెయ్యమన్నాడు. ఈవిడ కొలిచింది. ఎగుడుదిగుడు అందరి పుర్రెల్లోనూ ఉంది, దానికీ రేస్‌కీ, అంటే ఒంటి రంగూ ఆకారమూ చూసి మనుషుల్ని పంచే రకాలకీ, సంబంధం లేదు అని రాసిచ్చింది. ఆయన పాసైతే చేశాడు గానీ అట్టడుగు గ్రేడు ఇచ్చాడు.

ఇప్పుడు నా బాధ. ‘ఫిషర్ నమ్మిన రేస్ సిద్ధాంతం’ అన్నదాన్ని తెలుగులో ఎలా రాయాలి? ‘జాతి సిద్ధాంతం’ అందామంటే మనకి తెలుగుజాతి ఉంది, జాతీయగీతం ఉంది, స్త్రీజాతి ఉంది, ఒంగోలు జాతి గిత్తలున్నాయి, జాతి ముత్యాలున్నాయి. మరాఠీలోనైతే జాతి అంటే నేరుగా కులమే. ఆవిడ రాసిందాంట్లో సగం కులమూ రేసూ ఒకటి కాదని చెప్పడానికే. రెండిటికీ నేను ఒకే మాట వాడితే ఆవిడ కష్టమంతా గంగలో కలిసినట్టే. సాయం చెయ్యండి.

కోడిపుంజు | శుక్రవారం, రాత్రి 10:31

రేస్ అంటే పందెం. ఇందులో సందేహమేముంది?

సరదాకే అన్నాను గానీ, ఆలోచిస్తే పోలిక కుదిరింది. మా భీమవరం పక్క కుక్కుట శాస్త్రం ఉంది. కాకి, డేగ, నెమలి అని ఈకల రంగుని బట్టి పుంజులకి పేర్లు పెట్టి, ఏ తిథికి ఏ రంగు గెలుస్తుందో చెప్తారు. పొలాలు పోగొట్టుకున్నవాళ్ళు కూడా శాస్త్రం తప్పనరు, మేం సరిగ్గా చూసుకోలేదంటారు. ఫిషర్ గారిదీ అదే బాపతులా ఉంది.

పదబంధం | శుక్రవారం, రాత్రి 11:05

పై పోస్టుకి నమస్కారం :)

మా చిన్నప్పటి పుస్తకాల్లో ‘నరజాతులు’ అని ఉండేది. పక్కన మూడు తలకాయల బొమ్మలు: కాకసాయిడ్, మంగోలాయిడ్, నీగ్రాయిడ్. పరీక్షకి బట్టీపట్టాం. ఇప్పుడు ‘నరజాతి’ అంటే మొత్తం మనుషులనే అర్థం వస్తుంది, అది మీకు పనికిరాదు. ‘వర్ణం’ అసలే వద్దు, చాతుర్వర్ణ్యం లోపలికి దూరుతుంది. ‘వంశం’ అంటే ఇంటిపేరు దాకా కుంచించుకుపోతుంది.

నా సలహా: ‘రేస్’ అనే ఉంచెయ్యండి. బస్సుని బస్సే అంటున్నాం కదా. పైగా లేని వస్తువుకి మన దగ్గర పేరు లేకపోతే అది భాష లోపం కాదు.

రిటైర్డ్ మాష్టారు | శనివారం, ఉదయం 6:20

చాలాకాలం తర్వాత రాస్తున్నాను. నేను ఆంత్రోపాలజీ చదివాను, ఆనక ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. కాబట్టి పుర్రెల మాట వచ్చేసరికి చెయ్యి ఊరుకోలేదు.

మా రోజుల్లో ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్ అంటే ఇద్దరిద్దర్ని జత చేసేవారు. ఒకరు స్టూలు మీద కూర్చోవాలి, రెండోవారు కొలవాలి. తలకి స్ప్రెడింగ్ కాలిపర్: రెండు వంపు కొమ్ములు, కొసల్లో చిన్న గుండ్లు, మధ్యలో స్కేలు. ఒక కొమ్ము కనుబొమల నడుమ ఆనించి, రెండోది తల వెనకాల బాగా పొడుచుకొచ్చిన చోటు దొరికేదాకా జుట్టులోంచి పైకీ కిందకీ జరపాలి. అది పొడుగు. చెవుల పైన అటూ ఇటూ పట్టుకుంటే వెడల్పు. వెడల్పుని పొడుగుతో భాగించి నూరుతో గుణిస్తే సెఫాలిక్ ఇండెక్స్. బతికున్న మనిషికి 75.9 దాకా పొడుగు తల, 76 నుంచి మధ్యస్థం, 81 దాటితే గుండ్రటి తల.

నా జతగాడి తల పొడుగు 184 మిల్లీమీటర్లు వచ్చింది. వెడల్పు నేను పడితే 139. లెక్క కడితే 75.5, అంటే పొడుగు తల. మా డెమాన్‌స్ట్రేటర్ వచ్చి ‘జుట్టు దగ్గర మరీ నొక్కావోయ్’ అని మళ్ళీ పట్టాడు. 140. ఇప్పుడు 76.1. ఒక్క మిల్లీమీటరు తేడాతో మా వాడు స్టూలు మీంచి లేవకుండానే ఒక రకం మనిషి కాస్తా ఇంకో రకం మనిషైపోయాడు. రికార్డులో ఏది రాయమంటారు సార్ అంటే, ‘పెద్దవాళ్ళు కొలిచింది రాయి’ అన్నాడు. ఆంత్రోపాలజీ చరిత్ర నాకు ఆ వేళే చాలావరకు అర్థమైంది.

ముక్కు కథ ఇంకా ఘోరం. దానికి స్లైడింగ్ కాలిపర్. ముక్కు రెక్కల్ని నొక్కీ నొక్కనట్టు తాకాలి. జలుబు చేసినవాడిని కొలిస్తే ఇంకో అంకె వస్తుంది. అలాంటి ముక్కు మీద రిస్లీ దొర ఏకంగా కులవ్యవస్థనే నిలబెట్టాడు. 1901 జనగణనకి కమిషనర్ ఆయన. మనిషి అంతస్తు పెరిగేకొద్దీ ముక్కు వెడల్పు తగ్గుతుందని సూత్రం కట్టాడు. అది ఉత్తరాదిలో కొన్ని చోట్ల తప్ప నిలవదని ఘుర్యే 1932లో అంకెలతో చూపించారు. ఇరావతి గురువుగారంటే ఆయనే. ఆ అంకెలు అచ్చయింది ఈవిడ బెర్లిన్ వెళ్ళాకే గానీ, అలాంటి గురువు దగ్గర చదివిన మనిషి ఖాళీ చేతులతో వెళ్ళి ఉండదు. కొలతని ఎలా అనుమానించాలో కొంత ఇక్కడే నేర్చుకుని ఉంటుంది.

మన వైపు థర్‌స్టన్. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. దక్షిణాది కులాల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు, తెలుగు కులాలు కూడా అందులో ఉంటాయి. ఎగ్మూరు మ్యూజియం చూడ్డానికి వచ్చినవాళ్ళని కూడా కూర్చోబెట్టి కొలిచేవాడు. వయనాడు పణియ ఆడవాళ్ళయితే, తమలో బాగున్నవాళ్ళని పట్టుకుపోయి గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని హడలిపోయారట. ఆ ముక్క ఆయనే రాసుకున్నాడు, నవ్వులాటగా. వాళ్ళ భయం నాకు నవ్వులాటగా అనిపించదు. అదే కాలంలో లోకంలోని పెద్ద మ్యూజియాలు ఎముకలు పోగేసుకుంటున్నాయి కదా.

ముక్కుసూటి | శనివారం, ఉదయం 9:48

మాష్టారూ, మీ పోస్టు బాగుంది. కానీ ఇక్కడ అందరూ ఇరావతి గారికి హారతి పట్టేస్తున్నారు కాబట్టి ఒక పుల్లవిరుపు మాట.

బెర్లిన్‌లో ఫిషర్‌ని కాదన్నావిడ పుణె వచ్చాక ఏం చేసింది? అదే కాలిపర్ పట్టుకుంది. 1940లు, 50లు, 60లు: మహారాష్ట్రలో, కర్ణాటకలో, ఒడిశాలో ఊరూరా తిరిగి తలలు, ముక్కులు కొలిచింది, రక్తం గ్రూపులు తీసింది. పనిముట్లు బెర్లినువి, పద్ధతి బెర్లినుది. మారింది ప్రశ్న ఒక్కటే. ‘ఎవరు గొప్ప’ అన్నది పోయి ‘ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎవరితో కలుస్తారు’ అన్నది వచ్చింది. ఆ రెండో ప్రశ్న అంత అమాయకమైనదా? భాషా రాష్ట్రాలు గీస్తున్న రోజుల్లో ‘మహారాష్ట్రులు ఎవరు’ అని శరీరాలు కొలవడం ఉత్త శాస్త్రమేనా?

ఇంకోటి. ఆ 149 పుర్రెలు ఎవరివి? జర్మన్ తూర్పు ఆఫ్రికా నుంచి, అంటే ఇప్పటి టాంజానియా వైపు నుంచి తెచ్చినవి అందులో ఉన్నాయి. అడిగి తెచ్చారా? థీసిస్‌లో ఆవిడ దాన్ని ప్రశ్నించిందా? మీరు రాసే వ్యాసంలో ఈ పేరా లేకపోతే అది జీవితచరిత్ర కాదు, హరికథ.

అనువాద తిప్పలు | శనివారం, ఉదయం 11:15

ముక్కుసూటి గారూ, పేరుకి తగ్గట్టే ఉన్నారు. పుర్రెల సంగతి పెడతాను, ఒప్పుకుంటున్నా. మిగతాది సగమే ఒప్పుకుంటా.

1931 ప్రాంతంలో పాతికేళ్ళ అమ్మాయి, పరాయి దేశం, అప్పు తెచ్చుకున్న డబ్బు, ఎదురుగా సంతకం పెట్టాల్సిన గైడు. ఆ గైడు ఎలాంటివాడు? 1908లో నమీబియా వెళ్ళి, రెహొబోత్‌లో తెల్లవాళ్ళకీ స్థానికులకీ పుట్టిన కుటుంబాల్ని కొలిచి, మిశ్రమం మంచిది కాదని 1913లో పుస్తకం వేసినవాడు. అక్కడ హెరెరో, నామా ప్రజల్ని జర్మన్ సైన్యం ఊచకోత కోసింది సరిగ్గా ఆ ముందు సంవత్సరాల్లోనే. 1933లో బెర్లిన్ యూనివర్సిటీకి రెక్టరయ్యాడు. 1937లో రైన్‌లాండ్‌లో నల్ల సైనికులకి పుట్టిన పిల్లల్ని రహస్యంగా ఆపరేషన్లు చేసి గొడ్రాళ్ళని, గొడ్డుమోతుల్ని చేసినప్పుడు ‘నిపుణుల’ పరీక్షల్లో ఆయనదీ చెయ్యి ఉంది. అలాంటివాడి ముందు ‘మీ ఊహకి ఆధారం లేదండీ’ అని అంకెలతో సహా రాసివ్వడం చిన్న విషయమా?

బెర్లిన్ బాబాయ్ | శనివారం, సాయంత్రం 7:40

ఫిషర్ నడిపిన, ఇరావతి చదివిన ఇన్‌స్టిట్యూట్ బిల్డింగు నేను చూశాను. ఉద్యోగం మీద బెర్లిన్‌లో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాను. డాలెంలో ఇహ్నె వీధి, 22వ నంబరు. చుట్టూ చెట్లు, సైకిళ్ళు, కాఫీ కప్పులు పట్టుకున్న పిల్లలు. ఇప్పుడది ఫ్రీ యూనివర్సిటీ వాళ్ళది, రాజనీతిశాస్త్రం పాఠాలు జరుగుతాయి. గోడకి ఒక పలక ఉంది, 1988లో పెట్టారు. 1927లో కైజర్ విల్‌హెల్మ్ ఇన్‌స్టిట్యూట్ అక్కడే మొదలైంది. పేరులోనే ఆంత్రోపాలజీ, మానవ వంశపారంపర్యం, యూజెనిక్స్ (‘మేలైన’ మనుషుల్నే పుట్టించాలనే వాదం) మూడూ ఉన్నాయి. ఫిషర్ తర్వాత 1942లో ఫెర్షూర్ డైరెక్టరయ్యాడు. ఆష్విట్జ్ మరణశిబిరం నుంచి నాజీ డాక్టరు మెంగెలె శవాల భాగాలు పార్సెల్ చేసింది ఈ చిరునామాకే.

2014లో పక్క లైబ్రరీ దగ్గర పైపుల కోసం తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. తర్వాత జాగ్రత్తగా తవ్వితే దాదాపు 16,000 ముక్కలు తేలాయి, కనీసం 54 మందివి. కొన్నిటి మీద జిగురు మరకలు, రాతల గుర్తులు. అంటే మ్యూజియం సరుకు. వలస దేశాల నుంచి తెచ్చినవా, నాజీల కాలానివా అని తేల్చడానికి డీఎన్ఏ పరీక్షల మాట వచ్చింది. సంబంధిత సముదాయాల వాళ్ళు వద్దన్నారు. ఇది ఫలానా రేస్ ఎముక అని మళ్ళీ మనమే వేరు చేసినట్టవుతుంది, ఆ పని ఇదివరకు చేసినవాళ్ళు చాలు అని. 2023 మార్చిలో అన్నిటినీ ఒకే చోట పూడ్చిపెట్టారు.

ఇరావతి ఆ మెట్ల మీంచే రోజూ పైకెక్కి ఉంటుంది కదా అని కాసేపు నిలబడ్డాను. వానొచ్చింది, వెళ్ళిపోయాను.

నాలుగో బెంచీ | శనివారం, రాత్రి 9:02

కులం, రేస్ ఒకటి కాదు అన్నది ఇరావతితోనో ఘుర్యేతోనో మొదలైనట్టు మాట్లాడుతున్నారు. ఒక పేరు మర్చిపోయారు.

1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో, గోల్డెన్‌వైజర్ గారి ఆంత్రోపాలజీ సెమినార్‌లో, పాతికేళ్ళ అంబేద్కర్ భారతదేశంలో కులాల మీద పేపరు చదివారు. గోల్డెన్‌వైజర్ అమెరికా ఆంత్రోపాలజీకి పెద్దదిక్కైన ఫ్రాంజ్ బోయాస్ శిష్యుడు. కులాన్ని నిలబెడుతున్నది ఒంటి రంగు కాదు, వేరే కులంలో పెళ్ళి చేసుకోనివ్వకపోవడం అని అప్పుడే చెప్పారాయన. 1936లో మళ్ళీ అడిగారు: పంజాబు బ్రాహ్మణుడికీ మద్రాసు బ్రాహ్మణుడికీ ఏం రక్తసంబంధం ఉంది? అదే పంజాబులో చర్మకారుడికీ బ్రాహ్మణుడికీ రేస్‌లో తేడా ఎక్కడుంది? 1948లో అంటరానివారి పుట్టుక గురించి రాసినప్పుడు ముక్కుల కొలతల్నే ఎదురు సాక్ష్యంగా నిలబెట్టారు. మీ కొలతలు నిజమైతే బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే రేస్ అవుతారు కదా అని. రిస్లీ తూనికరాళ్ళు రిస్లీకే వేసి చూపించారు.

అయితే ఇంకో మాట. 2001లో డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి సదస్సు జరిగింది, జాత్యహంకారం మీద. దళిత సంఘాలు అక్కడ కులం గురించి మాట్లాడాలన్నాయి. మన ప్రభుత్వం ఏమంది? కులం రేస్ కాదు, కాబట్టి ఇక్కడ దాని ప్రస్తావన వద్దు అంది. అంబేద్కర్ జవాబుని పట్టుకుని అంబేద్కర్ ప్రశ్న నోరు మూయించారు. శాస్త్రంగా ఒకటి కాకపోవచ్చు. మా నాన్న టీ హోటల్లో తన గ్లాసు తనే కడిగి పెట్టినప్పుడు తేడా ఏమీ తెలియలేదంట.

కాబట్టి తిప్పలు గారూ, రెండిటికీ వేరే మాటలు తప్పకుండా వాడండి. కానీ ఆ రెండు మాటల మధ్య గోడ కట్టెయ్యకండి.

మేనకోడలు | శనివారం, రాత్రి 10:25

నాకు పుర్రెల గోల తెలీదు గానీ, ఇరావతి కర్వే అంటే నాకు గుర్తొచ్చేది చుట్టరికాల పుస్తకం. 1953లో వచ్చింది. దేశాన్ని ఉత్తరం, మధ్యం, దక్షిణం, తూర్పు అని భాషల్ని, చుట్టరికాల్ని బట్టి నాలుగు మండలాలు చేసింది.

మన దగ్గర మేనత్త అత్తే, అత్తగారూ అత్తే. మేనమామ మామే, పిల్లనిచ్చినాయనా మామే. మేనత్త కొడుకు బావ, మొగుడి అన్నా బావే. పెళ్ళికి ముందే పిలుపు సిద్ధంగా ఉంటుంది. హిందీలో బువా వేరు, సాస్ వేరు. మామా వేరు, ససుర్ వేరు. అక్కడ పెళ్ళయిన పిల్ల ముక్కూమొహం తెలీని ఊరికి పోతుంది. ఇక్కడ మేనమామ ఇంటికో మేనత్త ఇంటికో పోతుంది. మరాఠా వాళ్ళు నట్టనడుమ: మేనమామ కూతుర్ని చేసుకోవచ్చు, మేనత్త కూతురు కూడదు. ఆవిడ మధ్య మండలంలో పుట్టిన మనిషి కాబట్టే రెండు వైపులా కనిపించాయనుకుంటా.

మా అనంతపురం పక్క అక్కకూతుర్ని చేసుకోవడం కూడా మామూలే. మా అమ్మమ్మని తాతయ్య ఎత్తుకు తిరిగాడట, తర్వాత పెళ్ళాడాడు. మా అమెరికా కోడలు ఆ ముక్క విని తాగుతున్న కాఫీ కింద పెట్టేసింది.

కోడిపుంజు | శనివారం, రాత్రి 10:33

మా మరదలు ఇంజనీరింగ్ కుర్రాణ్ణి చేసుకుని న్యూజెర్సీ పోయింది. ఇరావతి గారి దక్షిణ మండలం నా విషయంలో పనిచెయ్యలేదు.

నిర్వాహకుడు | శనివారం, రాత్రి 10:50

మేనరికాల మీద ఈ వేదికలో ఇప్పటికే రెండు చర్చలున్నాయి, ఒకటి గొడవై మూసేశాం. ఇక్కడ కర్వే, రేస్, ఆంత్రోపాలజీ చరిత్ర వరకే ఉందాం.

ఉట్నూరు రోడ్డు | ఆదివారం, ఉదయం 8:15

గీ ముచ్చటల మా ఆదిలాబాదు ఊసు ఎవ్వరు తీయకపాయె. అందుకే రాస్తున్న.

హైమన్‌డార్ఫ్ అని వియన్నా దొర. యుద్ధం రాంగనే నిజాం రాజ్యంల చిక్కిండు. చెంచుల తాన ఉన్నడు, గోదావరి కొండరెడ్ల తాన ఉన్నడు, ఆఖరికి మా గోండుల తాన మార్లవాయిల గుడిసె ఏసుకున్నడు. 1940ల జోడేఘాట్ కాడ కొమురం భీముని చంపినంక, గోండోల్లకు కోపమెందుకు వచ్చిందని సర్కారు తెలుసుకోవాలనుకున్నది. ఈయన జెప్పిండు: భూమి పోయింది, అందుకే. పట్టాలిప్పియ్యమన్నడు, గోండి భాషల బడి పెట్టుమన్నడు. ఆయన భార్య బెట్టీ సమాధి ఇయ్యాల్టికి మార్లవాయిలనే ఉన్నది. ఏటా జనవరిల మావోల్లు పూలు పెడతరు.

నేను జెప్పేదేందంటే, అదే కాలంల అదే సదువు సదివిన ఒకాయన మనిషి తల కొలిచిండు, ఒకాయన మనిషి పొలం కొలిపిచ్చిండు. ఇరావతమ్మ గూడ ఆఖరికి అటే వచ్చింది గద. కోయ్నా డ్యాం కింద ఊళ్ళు మునిగినోల్ల మీద సర్వే చేసి, 1969ల పుస్తకం ఏసింది. పునరావాసం ఎట్ల ఆగమైందో అండ్ల ఉంటది. కాలిపర్ పట్టుకున్న చేతనే అది గూడ రాసింది. ముక్కుసూటన్న ఆ ముక్క మరిచిండు.

మత్తు మందు | ఆదివారం, మధ్యాహ్నం 2:10

నేను ఎనస్థీషియా డాక్టర్ని. ఇన్నాళ్ళూ ఈ వేదికలో చదవడమే గానీ రాసింది లేదు. రాస్తే తిడతారేమో, చూద్దాం.

ఆపరేషన్ ముందు రోజు రోగి దగ్గర కూర్చుని అడిగే ప్రశ్నల్లో ఒకటి: ‘మీరు ఆర్యవైశ్యులాండి?’ మొదటిసారి అడిగినప్పుడు ఒక పెద్దాయన మొహం మాడ్చుకుని ‘ఆసుపత్రిలో కూడా కులమేనా డాక్టరుగారూ’ అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కానీ విషయం ఏంటంటే, గొంతులో గొట్టం వెయ్యడానికి కండరాలు వదులు చేసే సక్సినైల్‌కోలిన్ అని ఒక మందు ఉంది. ఐదారు నిమిషాల్లో దాని పని అయిపోవాలి. దాన్ని విరగ్గొట్టే ఎంజైము కొందరిలో ఉండదు. వాళ్ళకి గంటల తరబడి ఊపిరి కండరం కదలదు, వెంటిలేటర్ మీదే ఉంచాలి. వైశ్యుల్లో ఇది మిగతావారికన్నా చాలా ఎక్కువ.

ఎందుకు? హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు, హార్వర్డ్ వాళ్ళు కలిసి 2009లో వేసిన పేపర్లో ఉంది. వైశ్యులు రెండు వేల ఏళ్ళకు పైగా బయటివాళ్ళని దాదాపు కలుపుకోకుండా లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. చిన్న గుంపులో ఉన్న ఒక లోపం అలా నిలిచిపోయింది. అంతే. పొరుగింటి వేరే కులంవాళ్ళతో పోలిస్తే వాళ్ళు ‘వేరే రేస్’ కాదు. తలుపు వేసుకుని కూర్చున్న ఇల్లు, అంతే తేడా.

ఇరావతి, మల్హోత్రా కలిసి 1968లో వేసిన పేపరు నేనీమధ్యే చదివాను. మహారాష్ట్రలో ఒకే అంతస్తున్న ఎనిమిది బ్రాహ్మణ శాఖలు. అందరూ బ్రాహ్మణులే, మరి ఒకే మూలం నుంచి చీలారా? కొలతలు అలా చెప్పలేదు. కుమ్మరుల గురించి కూడా అదే అనేది ఆవిడ: పేరు కుమ్మరే, కానీ ఒకరి సారె ఒకలా, ఇంకొకరిది ఇంకోలా, ఒకరికొకరు పిల్లనివ్వరు. ఒక కులం ముక్కలై ఉపకులాలు కాలేదు, విడివిడి గుంపుల మీద ఒకే పేరు వచ్చి వాలింది అని. మా ఎంజైము కథ చెప్పేదీ ఇంచుమించు అదే, కాలిపర్ బదులు సిరంజితో.

ముక్కుసూటి | ఆదివారం, సాయంత్రం 5:30

డాక్టరుగారూ, తిట్టను. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

ఉట్నూరు అన్నా, కోయ్నా నాకు తెలీదు. తెలీనప్పుడు నోరు చేసుకున్నాను, తప్పే. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ‘గుంపులు వేరు, హెచ్చుతగ్గులు లేవు’ అని ప్రొఫెసర్ రాస్తే, చదివేవాడు ‘గుంపులు వేరు’ దాకా చదివి పుస్తకం మూసేస్తాడు. సిరంజికైనా అదే గతి. మా తమ్ముడు డల్లాస్‌లో ఉమ్మి పంపించి డీఎన్ఏ రిపోర్టు తెప్పించుకున్నాడు, ఇప్పుడు ఫ్యామిలీ గ్రూపులో శాతాలు పెట్టి మనం ఫలానా అంటున్నాడు.

రిటైర్డ్ మాష్టారు | ఆదివారం, రాత్రి 8:45

ముక్కుసూటి బాబూ, ఆ ప్రశ్న మా శాస్త్రం మొత్తానికీ తగులుతుంది. బోయాస్ సంగతి చూడు. జర్మనీలో భౌతికశాస్త్రం చదివి, 1883లో ఉత్తర ధ్రువం వైపు బాఫిన్ దీవిలో అక్కడి ఆదివాసీలైన ఇన్యూట్ల మధ్య గడిపి, చివరికి కొలంబియాలో ప్రొఫెసరయ్యాడు. 1908 నుంచి న్యూయార్కులో వలస వచ్చినవాళ్ళనీ వాళ్ళ పిల్లలనీ దాదాపు 18,000 మందిని కొలిచాడు. అమెరికాలో పుట్టిన పిల్లల తల ఆకారం తల్లిదండ్రులకన్నా కొంచెం మారుతోందని తేల్చాడు. మారదనుకున్నదే మారితే ఇంక దాని మీద రేస్ ఎలా నిలుస్తుంది? మంచి దెబ్బ. తర్వాత 2002లో ఒక జట్టు అవే అంకెలు తిరగేసి ఆ మార్పు లెక్కలోకి రానంత చిన్నదంది. 2003లో ఇంకో జట్టు, కాదు, బోయాస్ మాటే మొత్తమ్మీద నిలుస్తుందంది. అన్నీ అచ్చులో ఉంచాడు కాబట్టి తొంభై ఏళ్ళ తర్వాత కూడా కొట్టుకోగలిగారు.

ఆ బోయాసే కుర్రతనంలో బ్రిటిష్ కొలంబియాలో ఆదివాసీల శ్మశానాల్లోంచి ఎముకలు తవ్వుకొచ్చాడు. అసహ్యంగానే ఉందనీ, ఎవరో ఒకరు చెయ్యక తప్పదనీ ఉత్తరం కూడా రాసుకున్నాడు. 1897లో ధ్రువ యాత్రికుడు పియరీ ఆరుగురు ఇన్యూట్లని, అప్పుడు బోయాస్ పనిచేస్తున్న న్యూయార్కు మ్యూజియానికి తెచ్చాడు. నెలల్లో నలుగురు పోయారు. కిసుక్ అనే ఆయన చనిపోతే, కొడుకు మినిక్ చిన్నపిల్లాడు, వాడికోసం దుంగకి గుడ్డ చుట్టి ఉత్తుత్తి అంత్యక్రియలు చేశారు. శరీరం ఎముకలై మ్యూజియంలోకి వెళ్ళింది. అవి గ్రీన్‌లాండ్ చేరింది 1993లో. నేను పాఠం చెప్పినన్నాళ్ళూ బోయాస్ మొదటి సగమే చెప్పాను. సిలబస్‌లో అంతే ఉండేది. సిలబస్‌ని తప్పు పట్టి తప్పించుకోవచ్చు గానీ, రెండో సగం నాకు తెలిసి కూడా చెప్పలేదు.

అనువాద తిప్పలు | మూడు వారాల తర్వాత, గురువారం, రాత్రి 9:55

అందరికీ ధన్యవాదాలు. వ్యాసం పంపించేశాను. టాంజానియా పుర్రెలకి ఒక పేరా, ఇహ్నె వీధి ఎముకలకి ఒకటి, అంబేద్కర్‌కి రెండు, కోయ్నాకి ఒకటి ఇచ్చాను. మాష్టారి 139, 140 కథ మీ పేరు లేకుండా వాడుకున్నాను, మన్నించాలి. పదబంధం గారు చెప్పినట్టు ‘రేస్’ అనే ఉంచి, ఎందుకు ఉంచానో మొదట్లో నాలుగు ముక్కలు రాశాను.

నిన్న ప్రూఫు వచ్చింది. ఎడిటరుగారు ఇంగ్లీషు మాటలు పడవంటూ కంప్యూటర్లో ఒకే దెబ్బకి ‘రేస్’ ఉన్నచోటల్లా ‘జాతి’ పెట్టేశారు. ఇప్పుడు నా వ్యాసం రెండో పేరా ఇలా మొదలవుతోంది: ‘జాతి అనే మాటకి జాతి అని రాస్తే గందరగోళం కాబట్టి ఈ వ్యాసంలో జాతిని జాతి అనే అంటాను.’

ఫోన్ చేస్తే, ‘పాఠకులు అర్థం చేసుకుంటారు లెండి’ అన్నారు. నేను మొదటి వాక్యం చదివి వినిపించాను, అక్కడ కాస్త మెత్తబడ్డారు. ‘మా ఇంటి టెరేస్ మీద కూర్చుని ఇరావతి జీవితం చదివాను’ అని రాశాను నేను. ప్రూఫులో ‘మా ఇంటి టెజాతి మీద కూర్చుని’ అని ఉంది.

కోడిపుంజు | గురువారం, రాత్రి 9:58

టెజాతి కోళ్ళు సంక్రాంతికి మంచి ధర పలుకుతాయి. ఉంచెయ్యమనండి.